సాంఘికశాస్త్రంలో పద్యం

గంట కొట్టడానికి ఇంకా పది నిమిషాలుండగా టీచరు పుస్తకం మూసి, బల్లకు ఆనుకుని నిలబడ్డారు.

"ఈ పాఠంలో మీకు మీరు ఎక్కడ కనపడ్డారో రాసుకు రండి. ఒకటిన్నర పేజీ. గైడులో వెతక్కండి, దొరకదు."

తరగతంతా ఉసూరుమంది. ఆ పాఠం అంటేనే పిల్లలకు విసుగు. పాత కావ్యంలోని భాగం. యుద్ధంలో రాణిగారి కొడుకు చనిపోతాడు. ఆ కబురు చెప్పడానికి వచ్చిన వార్తాహరుడు కోట వాకిట్లో నిలబడి దారిలో దుమ్ము గురించి, సరిహద్దులో కురిసిన వాన గురించి, గుర్రం కాలికి ఊడిన నాడా గురించి చెబుతూ పోతాడు. పద్నాలుగు పద్యాలు గడుస్తాయి, అసలు మాట నోట రాదు.

"టీచర్, ఆ గుర్రాన్ని నేనే," అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు. "మా ఇంట్లోనూ నన్ను పట్టించుకునేవాళ్ళు లేరు."

అందరూ పగలబడి నవ్వారు. కామా నవ్వలేదు. బెంచీ కింద ఆమె కుడికాలు దానంతటది ఊగుతూనే ఉంది. పక్కనున్న అమ్మాయి "ఆపవే, నా రాత వంకర పోతోంది," అని మోకాలితో పొడిచింది.

కామా అన్నది తాతయ్య పెట్టిన ముద్దుపేరు. చిన్నప్పుడు నడుస్తూ నడుస్తూ ప్రతి గుమ్మం దగ్గరా ఆగిపోయేదట. ముప్ఫై ఎనిమిదేళ్ళు ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషికి మనవరాల్ని చూస్తే అదే తోచింది. ఇప్పుడు పదిహేనేళ్ళు వచ్చినా ఇంట్లో అందరికీ ఆమె కామానే.

ఆమెకు అంత అలజడి పుట్టించింది తొమ్మిదో పద్యం. అందులో వార్తాహరుడు తనలో తాను అనుకుంటాడు: నేను నోరు తెరవనంత సేపూ ఆ తల్లికి బిడ్డ బతికే ఉన్నాడు.

ఆ పాఠాన్ని ఆమె క్లాసులో వినడానికి రెండు వారాల ముందే ఇంట్లో విన్నది. ఆ రోజు జరిగినదే ఇప్పుడు ఆమెను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

ఆ సాయంత్రం అమ్మ ఇంకా టైలరింగ్ షాపులోనే ఉంది. లారీ నడిపే నాన్న ఎప్పటిలాగే ఊళ్ళో లేడు. కామా పుస్తకం పట్టుకుని వెళ్ళి, "తాతయ్యా, ఈ ఆరో పద్యం ఒక్క ముక్క అర్థం కాలేదు," అంది.

"ఇలా ఇవ్వు."

తాతయ్య కిటికీ దగ్గరికి జరిగాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. పుస్తకం ఒళ్ళో పరిచి, చూపుడువేలు పేజీ మీద నడిపిస్తూ రాగం తీసి చదివాడు. ఎక్కడ విరవాలో అక్కడ విరిచి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ తీసుకుని చదివాడు. పద్యం పూర్తవగానే వేలు తడి చేసుకుని పేజీ కూడా తిప్పాడు. ఆ కావ్యానికి మూడు ముద్రణలు ఆయన చేతి మీదుగానే వెళ్ళాయి. ఒక సమాసం చెవికి కొత్తగా తగలడంతో, అదెలా రాశారో చూద్దామని కామా ఆయన భుజం మీదుగా వంగింది.

పేజీలో పద్యం లేదు. నదుల పటం ఉంది. తాతయ్య వేలు ఒక ఆనకట్ట మీద ఆగి ఉంది.

పుస్తకాలన్నిటికీ ఒకే ఖాకీ అట్టలు. తొందరలో ఆమె తెచ్చింది సాంఘికశాస్త్రం.

మొదట ఆమెకు నవ్వొచ్చింది. "తాతయ్యా, ఇది సోషల్ పుస్తకం."

ఆయన వేలు కదలలేదు. "తెలియకనా? నువ్వు గమనిస్తావో లేదోనని చూశాను."

కానీ మాట తేలిపోయింది. కామా ఆయన మొహం ముందు చెయ్యి పెట్టి, "ఇవెన్ని వేళ్ళు?" అంది.

 తాతయ్య చెయ్యి చాచి, ఆమె చేతిని పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తడిమాడు. "మూడు," అన్నాడు.

చూపు పోవడం మొదలై ఏడాదిన్నర అయిందట. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటికి గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య కాస్త వెలుగు, అందులో మనిషి ఆకారం, అంతే. అక్షరాలు లేవు. మరి ప్రెస్సు నుంచి వారం వారం తెచ్చుకునే నిఘంటువు ప్రూఫులు ఎలా దిద్దుతున్నట్టు? ఆ ప్రశ్న అడగకుండానే కామాకు జవాబు తెలిసిపోయింది. ఏడాదిన్నరగా ప్రతి సాయంత్రం ఆయన ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, దీర్ఘాలు, ఒత్తులు, సున్నాలతో సహా పైకి చదివిస్తూ, తప్పులకు గుర్తులు కూడా ఆమె చేతే పెట్టిస్తున్నాడు. "కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుంది," అనేవాడు. తనకు చదువు చెబుతున్నాడని ఆమె మురిసిపోయింది. క్లాసులో పద్యం తడబడకుండా చదివేది తనొక్కతే అని గర్వపడింది కూడా. తీరా చూస్తే తను ఆయన కళ్ళజోడు!

కోపం వచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"అమ్మకు చెప్పకు," అన్నాడు తాతయ్య. బతిమాలుకున్నట్టు లేదు, ఆజ్ఞ వేసినట్టూ లేదు. "చెబితే ఈ కాగితాలు ఆగిపోతాయి. నన్ను మంచం మీద కూర్చోబెట్టి కంచం చేతికిస్తుంది. నాకింకా డెబ్భై నాలుగేనే."

"డాక్టరు..."

"వెళ్తాలే. నిఘంటువు 'హ' దాకా వచ్చింది. అయిపోనీ. మాటివ్వు."

ఇచ్చింది.

ఆ రోజు నుంచి కామాకు ఒక చోట కాలు నిలిస్తే ఒట్టు. బడి వదలగానే ఒక్క పరుగున ఇంటికి వచ్చేది. దారికి అడ్డంగా ఉన్న స్టూలును గోడవారకు జరిపేది. స్టవ్ కట్టేసి ఉందో లేదో మూడుసార్లు చూసేది. తాతయ్య గ్లాసులోకి నీళ్ళు వంచుతుంటే ఆమెకు ఊపిరి ఆగిపోయేది. ఆయన మాత్రం గ్లాసు అంచున వేలు పెట్టి, నీళ్ళు వేలికి తగలగానే ఆపేవాడు. చుక్క కింద పడేది కాదు. ఇన్నాళ్ళూ ఇంత పనితనం కళ్ళ ముందే జరుగుతుంటే తనకు కనపడలేదంటే గుడ్డిది తనేనేమో అనిపించేది.

ప్రతి మంగళవారం ఆయన ఒక్కడే ప్రెస్సుకు వెళ్ళి వచ్చేవాడు. మధ్యలో రెండు పెద్ద రోడ్లు దాటాలి. ఒక మంగళవారం కామా కడుపునొప్పి అని చెప్పి చివరి పీరియడు ఎగ్గొట్టి, ఆయన వెనకాలే నడిచింది. మొదటి రోడ్డు దగ్గర తాతయ్య తల ఓరగా వంచి నిలబడ్డాడు. పక్కవాళ్ళ చెప్పుల చప్పుడు కదలగానే తనూ కదిలాడు. భలే, అనుకుంది కామా. రెండో రోడ్డు దగ్గర పక్కన ఎవరూ లేరు. ఆయన కాసేపు విన్నాడు. అడుగు వేశాడు.

బైక్ టైర్లు కీచుమన్నాయి. తాతయ్య మోకాలికి జానెడు దూరంలో బండి ఆగింది.

"ఏంటి పెద్దాయనా, కళ్ళు కనిపించట్లేదా?"

"నీకు బ్రేకు కనిపించిందిగా, చాలు," అని తాతయ్య చేతిలో కాగితాల కట్ట సర్దుకుని, ఏమీ కానట్టు నడిచి వెళ్ళిపోయాడు.

పళ్ళ బండి చాటునున్న కామా రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయింది. పిలిస్తే వెంట వచ్చిన సంగతి తెలిసిపోతుంది. ఆ మర్నాడే టీచరు ఒకటిన్నర పేజీ రాసుకు రమ్మన్నది.

రాయకూడదనే అనుకుంది. ఇంకేదైనా కల్పించి రాద్దామని కూర్చుంది. పెన్ను పెట్టాక చెయ్యి మాట వినలేదు. 'నేను నోరు మూసుకున్నంత సేపూ మా ఇంట్లో ఒకరికి చూపుంది,' అని మొదలైంది. బైకు దాకా వచ్చింది. మూడు పేజీలయింది. చదివి చూసుకుంటే చించేస్తానని తెలిసి, చదవకుండానే టీచరుకు ఇచ్చేసింది.

శుక్రవారం సాయంత్రం టీచరు ఆమెను ఆపారు. "బాగా రాశావు. రేపు పేరెంట్స్ మీటింగు కదా, మంచివి ఆరు ఏరి వరండా బోర్డు మీద పెట్టాను. నీది మధ్యలో ఉంది."

కామా వరండా వైపు చూసింది. "టీచర్, నాది తీసేయండి, ప్లీజ్."

"ఎందుకు? పేర్లు కనపడకుండా మడిచాంలే. కావ్యాన్ని అంత దగ్గరగా చదివినవాళ్ళు లేరు ఈ క్లాసులో." ఆమె నవ్వి స్టాఫ్ రూములోకి వెళ్ళిపోయారు. అప్పటికే వరండా గ్రిల్లుకు తాళం పడింది.

పేరు కనపడకపోతేనేం? ఏ కుట్టు ఎవరు వేశారో దారం చూసి చెప్పే మనిషి అమ్మ. కన్నకూతురి చేతిరాత గుర్తుపట్టదా?

శనివారం మీటింగు పదింటికైతే కామా ఎనిమిదింటికే బడిలో ఉంది. గ్రిల్లు తీయగానే ఒక్క గెంతులో బోర్డు దగ్గరికి చేరింది. పిన్నులు పీకుతుంటే ఒకటి గోటి సందులో దిగింది. కాగితాలు నాలుగు మడతలు వేసి, గుప్పిట్లో కుక్కుకుని వెనక్కి తిరిగింది.

వరండా చివర అమ్మ నిలబడి ఉంది.

"షాపులో పొద్దున పూటే పర్మిషన్ ఇచ్చారు. మీ టీచర్ని ముందే కలిసి పోదామని వచ్చా," అంది అమ్మ దగ్గరికి వస్తూ. మెడలో కొలత టేపు అలాగే ఉంది, తీయడం మరిచిపోయింది. "ఏంటే అది, చేతిలో?"

"ఏం లేదు. పాత కాగితం."

"మరి రక్తం ఏంటి?"

"పిన్ను గుచ్చుకుంది. అమ్మా, చూశావా, గోడలకి కొత్త రంగు వేశారు. మా సైన్స్ టీచరు బదిలీ అయిపోయారు. ఆ కొళాయి కూడా బాగు చేశారు, ఇప్పుడు నీళ్ళు బాగా వస్తున్నాయి. ఎండ చూడు, పొద్దున్నే ఎలా కాస్తోందో..."

మాటలు గబగబా దొర్లిపోతున్నాయి. ఎండ మాట దగ్గరికి వచ్చేసరికి ఆమెకు తన గొంతు తనకే వినపడింది. కోట వాకిట్లో దుమ్ము, వాన, గుర్రపు నాడా. క్లాసులో అందరూ నవ్విన ఆ మనిషి అవన్నీ ఎందుకు చెప్పాడో ఇప్పుడు ఆమె నాలుకకు తెలుస్తోంది. పద్నాలుగు పద్యాలు తక్కువే అనిపించింది.

"పొద్దున్నే ఏమైందే నీకు?" అని అమ్మ నవ్వింది.

"తాతయ్యకు కళ్ళు కనిపించవమ్మా."

"వయసైపోయింది కదే, అద్దాలు మార్పిద్దాం."

"అద్దాలు కాదు. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదీ పోతోంది. మొన్న బైకు కింద పడబోయాడు. నేను చూశాను."

అమ్మ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. గోడవారన చిన్న తరగతి పిల్లల బెంచీ ఉంటే దాని మీద కూలబడింది. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"నిన్న నా చీర బాగుందన్నాడే?"

"ఏ రంగన్నాడు?"

అమ్మ ఆలోచించింది. "రంగు చెప్పలేదు," అంది మెల్లగా. కాసేపటికి, "ముట్టుకున్నాడు," అంది.

టీచర్ని కలవకుండానే ఇద్దరూ ఇంటికి వెళ్ళిపోయారు.

కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందని డాక్టరు చెప్పింది. కుడి కంటికి చేసేదేమీ లేదు. ఎడమ కంట్లో మిగిలింది మిగిలినట్టు కాపాడుకోవచ్చు, రోజుకు మూడుసార్లు చుక్కలు వేస్తే. "ఏడాది ముందు రావలసింది," అంది. ఆగి, "ఇంకో రెండు నెలలు ఆలస్యమైతే ఇదీ ఉండేది కాదు," అని కూడా అంది. ఆ రెండో మాట తాతయ్య విననట్టే కూర్చున్నాడు.

ఆయన భయపడ్డట్టే జరిగింది. విషయం తెలిసి ప్రెస్ యజమాని స్వయంగా ఇంటికొచ్చి, రెండు చేతులూ పట్టుకుని, "ఇంక విశ్రాంతి తీసుకోండి మాస్టారూ," అన్నాడు. నిఘంటువు 'హ' దగ్గరే ఇల్లు వదిలి వెళ్ళిపోయింది.

తాతయ్య కామాతో మాట్లాడటం మానేశాడు. ఆమె చుక్కల సీసా తెస్తే తల వెనక్కి వాల్చేవాడు. చుక్క పడగానే కళ్ళు మూసుకునేవాడు. అంతే. సాయంత్రాలు ఖాళీగా కూర్చుని గోరుతో కుర్చీ చెయ్యి మీద ఏవో గుర్తులు గీసేవాడు. కామా ఎదురుగదిలో పుస్తకం తెరిచి, రెండు వాక్యాలు చదివి, లేచి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచేది. చెప్పి తప్పు చేశానా అని ఒక పూట, ముందే ఎందుకు చెప్పలేదని ఒక పూట. ఏదీ తెగలేదు.

పదో రోజు మధ్యాహ్నం చుక్కలు వేశాక ఆయన కళ్ళు మూసుకునే అడిగాడు.

"మాటిచ్చి ఎందుకు చెప్పావ్?"

కామా సీసా మూత బిగించింది. జవాబు పది రోజులుగా వెతుకుతూనే ఉంది, తీరా నోటికొచ్చింది మాత్రం అనుకోనిది.

"ఆ బైకతను బ్రేకు వేశాడు కాబట్టి అమ్మకు ఇది చెప్పగలిగాను తాతయ్యా. వెయ్యకపోతే వేరే కబురు చెప్పాల్సొచ్చేది."

తాతయ్య కళ్ళు తెరిచాడు. చుక్క చెంప మీదికి జారింది. "వెనకాల వచ్చావా?"

"వచ్చాను."

"బైకా అది?"

"ఎర్ర బైకు."

"నేను లారీ అనుకున్నా," అన్నాడు. "చప్పుడు అలా ఉంది." చెంప మీది చుక్క తుడుచుకున్నాడు. తర్వాత, "చాలా భయమేసింది ఆ రోజు. ఎవరికీ చెప్పలేదు," అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ షాపు నుంచి వచ్చి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, కామా తెలుగు పుస్తకం తీసింది. ఆమె చదువు ఏడో తరగతితో ఆగింది. "నేను చదువుతా, తప్పులు చెప్పు నాన్నా," అని ఆ పాఠమే మొదలుపెట్టింది. మొదటి పద్యంలోనే నాలుగుచోట్ల తడబడింది. తాతయ్య చెవులు మూసుకుని, "అమ్మాయ్, నువ్వు బట్టలు కుట్టుకో, పద్యాన్ని చింపకు," అన్నాడు. అమ్మ వదల్లేదు. తొమ్మిదో పద్యం దాకా వచ్చి ఆగింది. ఆ పాదం మళ్ళీ చదివింది. కూతురి వైపు చూసి, ఏమీ అడగకుండా పేజీ తిప్పింది.

మూడు నెలల తర్వాత మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళారు. తాతయ్యను, అమ్మను లోపలికి పిలిచారు. బయట కామా కూర్చుంది, లేచింది, గోడ మీది బొమ్మలన్నీ చూసింది, మళ్ళీ కూర్చుంది. తలుపు తెరుచుకునేసరికి అందరికంటే ముందు నిలబడి ఉంది.

"అంతే ఉందట," అంది అమ్మ. "పెరగలేదు, తగ్గలేదు. మళ్ళీ మూడు నెలలకి రమ్మన్నారు."

మంచి కబురో కాదో కామాకు తేలలేదు. తాతయ్య గుమ్మంలో నిలబడి చెయ్యి ముందుకు చాచాడు. నలుగురిలో ఆయన అలా చెయ్యి చాచడం అదే మొదటిసారి. కామా తన భుజం అందించింది.

"ఎన్ని మెట్లు?" అన్నాడు.

"పన్నెండు."

"నెమ్మదిగా దిగు. నీకు అన్నీ పరుగులే," అని ఆమె భుజం గట్టిగా పట్టుకున్నాడు.