ఆడపడుచుగారి గది

మా వదినకూ నాకూ మాటల్లేవు. ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు, అయినా లేవు. మధ్యలో అన్నయ్య అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. కూర గిన్నె ఇటు జరపమని కూడా ఆయనతోనే చెప్పించుకునేవాళ్ళం.

వదిన ఆర్కిటెక్టు. నాది ఏసీల ఇంజనీరింగు. ఇద్దరం ఒక ప్రసూతి ఆసుపత్రి గీస్తున్నాం. గాలి మిషన్లకి కింద ఒక గది ఇమ్మంటే వదిన ససేమిరా అంది, మేడ మీద పెట్టుకోమంది. మేడ కిందే పసిపిల్లల వార్డు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల నెత్తిన ఆ రొద ఏమిటన్నాను. కింద ఖాళీ ఉన్నది లాబీ పక్కనే, అక్కడేమో శిల్పం పెట్టాలని ఆవిడ ముచ్చట. శిల్పానికి ఊపిరాడకపోయినా నష్టం లేదన్నాను. అంతే, మూతి ముడుచుకుని మాటలు మానేసింది. నాకా, ముక్కు మీదే కోపం.

నా డ్రాయింగులో గదులకి పేర్లుండవు. ఎక్కడికెంత గాలి పంపాలో లెక్క కట్టడానికి చోట్లు గీసుకుంటాను, వాటికి ఉత్త అంకెలే. ఆర్కిటెక్టు డ్రాయింగు కింద పరిచి బటన్ నొక్కితే, ఏ చోటు కింద ఏ గది ఉందో చూసి సాఫ్ట్‌వేరే ఆ పేరు తగిలిస్తుంది. కింద గది లేకపోతే పేరు రాదు.

డ్రాయింగులు పంపాల్సిన రోజు, పంతం కొద్దీ శిల్పం దగ్గర కూడా ఒక చోటు గీశాను. పేరు రాకుండా మిగిలిన దాన్ని మీటింగులో చూపించి, అందరి ముందూ వదినని నిలదీద్దామని. ఆవిడ పంపిన కొత్త డ్రాయింగు కింద పరిచి, బటన్ నొక్కాను. కాన్పు గది, పాలిచ్చే గది, పసిపిల్లల వార్డు, పేర్లు చకచకా వచ్చి కూర్చున్నాయి. శిల్పం దగ్గరా ఒకటి వచ్చింది: ఆడపడుచుగారి గది.

నమ్మలేక వదిన డ్రాయింగు తెరిచాను. శిల్పం లేదు. మిషన్లు పట్టేంత తలుపుంది, రొద బయటికి రాకుండా మందపాటి గోడలున్నాయి. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి, క్లయింటు చూస్తే పరువు పోతుంది, ఆ పేరు మార్చు వదినా అన్నాను.

"నిన్న ఒక ఆసుపత్రి చూసొచ్చా," అంది తలెత్తకుండా. "పైన మిషన్లు. కింద ఒక బిడ్డ ఉలిక్కిపడుతూనే ఉంది. నువ్వు చెప్పిందే నిజం. ఎదురుగా అనడానికి నోరు రాక అలా రాశా."

ఆవిడ మెడ చుట్టూ చేతులేశాను. ఆ సంబరంలో పేరు మార్చడం ఇద్దరం మరిచాం.

మీటింగులో పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుని, ఈ ఆడపడుచు ఎవరని అడిగింది. నేను బల్ల కింద దూరిపోదామనుకున్నాను. వదిన లేచి నా భుజం మీద చెయ్యి వేసింది.

"మా ఇంటి పిల్లేనండీ. మీ బిడ్డలు హాయిగా నిద్రపోయేది దీని గొడవ వల్లే."