నత్త జిగురు మీద ఎనిమిది పేజీలు

నేను ఒక రీప్రింటును. అదేమిటని అడిగేవాళ్లే ఇప్పుడు ఎక్కువ కాబట్టి చెప్పక తప్పదు. పూర్వం శాస్త్రపత్రికలో వ్యాసం అచ్చయితే, అడిగినవాళ్లకు పంచుకోమని రచయితకు దాన్నే విడిగా యాభై ప్రతులు పంపేవారు. ఆ యాభైలో మిగిలింది నేనొక్కదాన్నే. ఒళ్లంతా కలిపి ఎనిమిది పేజీలు, తుప్పు పట్టిన రెండు పిన్నులు.

నన్ను రాసింది డాక్టర్ మండపాక హైమవతి. సముద్రం ఒడ్డున ఒక యూనివర్సిటీలో జంతుశాస్త్రం చెప్పేది. ఎంత అల కొట్టినా రాతిని వదలని చిన్న నత్త ఒకటుంది. దాని జిగురు తడిలో కూడా ఎందుకు పట్టు వదలదో తేల్చడానికి ఆవిడకు ఆరేళ్లు పట్టింది. అటెండరు పైడితల్లి చీర ఎగ్గట్టుకుని రాళ్ల మీద నత్తలు ఏరుకొచ్చేది. ఈవిడ వాటి ముందు కూర్చుని అన్నం సంగతి మరచిపోయేది. 1984లో నేను అచ్చయి వచ్చిన రోజున ఇద్దరూ నన్ను వాసన చూసి చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. నా బతుకులో నన్ను చూసి ఎవరైనా అంత సంతోషించడం అదే మొదలు, అదే ఆఖరు.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. సొంత శాఖవాళ్లు నన్ను తెరిచి చూడలేదు గాని పొరుగు శాఖలవాళ్లు ఎగబడ్డారు. పళ్ల డాక్టర్లు, ఆపరేషన్లు చేసేవాళ్లు, ఓడల రంగులు తయారుచేసేవాళ్లు తమ వ్యాసాల చివర నా పేరు ఉదహరించారు. శాస్త్రవేత్తల విలువను మనుషులు ఈ ఉల్లేఖనలు లెక్కపెట్టి తేలుస్తారు. పాపం, వాళ్లకు అంతకంటే తీరిక ఉండదు.

1999లో ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ వచ్చింది. ఆ పదవి వస్తేనే నత్తల తొట్లున్న గది ఆవిడకు మిగులుతుంది, లేకపోతే లేదు. ఆవిడ హైదరాబాదు వెళ్లి, గ్రంథాలయంలో ఎవరు ఎవరిని ఉదహరించారో చూపే లావుపాటి సూచికలు తిరగేసి, నాలుగు రోజులు కూర్చుని నా ఉల్లేఖనలు చేత్తో రాసుకొచ్చింది. మొత్తం రెండొందల పద్నాలుగు. అందులో జంతుశాస్త్రంవి అయిదు. ఆ అయిదింటిలో మూడు ఆవిడ రాసుకున్నవే.

“ఏమ్మా, పళ్ల డాక్టర్లు మెచ్చుకుంటే మనకేం లాభం? రూలు ప్రకారం మన శాఖవే లెక్క,” అన్నాడు కమిటీ పెద్దాయన.

“నత్తకి శాఖలు తెలీవు కదండీ,” అంది ఆవిడ.

అందరూ నవ్వారు. పదవి మాత్రం రొయ్య మీసాల మీద పన్నెండు వ్యాసాలు రాసినాయనకు పోయింది. ఆ పన్నెండూ ఒకదాన్నొకటి ఉదహరించుకుంటాయి. తొట్లకు చోటిమ్మని వైద్యశాఖవాళ్ల దగ్గరికి వెళ్తే, మీరు డాక్టరు కాదు కదా అన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అయింది ఆవిడ బతుకు.

గది ఖాళీ చేసే రోజున పైడితల్లి తొట్టి పట్టుకుని నిలబడింది. “మేడమ్‌గారూ, ఈటిని సముద్రంలో ఒగ్గీమంటారేటండి?”

ఆవిడ తలూపి, నన్ను చేతిసంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. మళ్లీ ఏమీ రాయలేదు. నాకదే తీరని దుఃఖం.

మొన్న, డెబ్బై ఒకటో ఏట, ఆవిడకు కడుపులో ఆపరేషన్ అయింది. మర్నాడు పొద్దున కుర్ర డాక్టరు వచ్చి, “కుట్లు లేవమ్మా, జిగురుతో అతికించాం,” అన్నాడు.

“దేని జిగురు బాబూ?”

“సముద్రపు నత్తది చూసి చేసిందమ్మా. నలభై ఏళ్ల కిందట మండపాక అని ఒకాయన కనిపెట్టాడు. మహానుభావుడు. ఇప్పుడు బతికి ఉన్నాడో లేదో.”

ఆవిడ దిండు మీంచి తలెత్తింది. “ఆయన కాదు బాబూ, నేనే.”

డాక్టరు కేస్ షీటు చూశాడు. దాని మీద ‘ఎం. హైమవతి’ అని మాత్రమే ఉంది. జాలిగా ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి, “అలాగేనమ్మా,” అన్నాడు. నర్సు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “మత్తు ఇంకా దిగలేదు. గంటాగి మళ్లీ చూడండి.”

మంచం పక్క సంచిలోనే ఉన్నాను. ఆవిడ చెయ్యి జాపింది గాని సెలైన్ సూది అడ్డుపడి అందుకోలేకపోయింది. కాగితం పుట్టుక పుట్టినందుకు ఆ పూట ఏడ్చినట్టు నేనెప్పుడూ ఏడవలేదు.

గంట తర్వాత నర్సు వచ్చింది. “మీ పేరేంటమ్మా?”

“హైమవతి.”

“ఏం చేసేవారు?”

ఆవిడ నేనున్న సంచి వైపు ఒకసారి చూసింది.

“ఏమీ లేదమ్మా. ఇంట్లోనే ఉండేదాన్ని.”

నర్సు తృప్తిగా తలాడించి, మత్తు పూర్తిగా దిగిందని రాసుకుంది.