మరదలి బండికి పోసిన మంచి ఆయిల్

మా మరదలికి బండి నడపడం రాదని మొదట అన్నది నేనే. అదీ నలుగురిలో, నా షెడ్డు ముందే అన్నాను. ముప్పై ఏళ్ళుగా బైకులు విప్పి బిగిస్తున్నవాణ్ణి కాబట్టి నా మాటకు కాస్త విలువ ఉంది. ఆ విలువే కొంప ముంచింది.

ఆమె రక్తపరీక్షల ల్యాబులో కొత్తగా చేరింది. రోజూ పొద్దున్నే కొండమీది ఆసుపత్రికి వెళ్ళి నమూనాలు తేవాలి. నెల రోజులు పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఇంతలో బండి ఎత్తు ఎక్కడం మానేసింది. మూడు రోజులు వరసగా ఆలస్యమైంది.

"బావా, ఇంజను అరుస్తోంది గానీ బండి కదలట్లేదు. క్లచ్ జారుతోంది," అంది.

"మొన్ననేగా కొత్త ప్లేట్లు వేశాను! నువ్వే క్లచ్ లివర్ మీద నాలుగు వేళ్ళూ పడుకోబెడుతున్నావు, అది సగం నొక్కుకుపోతోంది. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా?"

"నా వేళ్ళు హ్యాండిల్ మీదే ఉంటున్నాయి."

"అందరూ అలాగే అంటార్లే."

షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె కూడా నవ్వేసింది. మా ఇద్దరి మధ్యా వేళాకోళం మామూలే.

ఆలస్యమెందుకని ల్యాబు మేడమ్ అడిగితే, "కావాలంటే మా మెకానిక్‌ని అడగండి," అని పాపం నా నంబరే ఇచ్చింది. మేడమ్ ఫోన్ చేసింది. "బండి బంగారమండీ. లోపమంతా నడిపే చేతిలో ఉంది," అని అదే జోకు ఆవిడకీ వినిపించాను. ఆవిడ నవ్వలేదు. మర్నాడు కొండ దారి ఇంకొకరికిచ్చి మరదల్ని కౌంటర్లో కూర్చోబెట్టింది. నెల నిండగానే ఇంటికి పంపేస్తారట. ఈ సంగతి చెబుతూ మా ఆవిడ నా ముందు పళ్ళెం పెట్టిన చప్పుడు వింటే, తప్పు ఎవరిదో ఆవిడ అప్పటికే తేల్చేసిందని తెలిసిపోయింది.

సరే, ఎలా నడపాలో చూపిస్తానని నేనే ఆమె బండెక్కి కొండదారి పట్టాను. మొదటి మలుపు దగ్గర ఇంజను గొంతు చించుకుంది. పక్కన కర్ర పట్టుకుని నడుస్తున్న ముసలాయన నన్ను దాటేశాడు. దాటాక ఆగి, "కాస్త తొయ్యమంటావా నాయనా?" అని అడిగాడు. నా వేళ్ళు లివర్ దరిదాపుల్లో కూడా లేవు.

షెడ్డుకొచ్చి వెతకడం మొదలుపెట్టాను. కేబుల్‌ ఉండాల్సినంత వదులుగానే ఉంది. పక్క మూత విప్పి ప్లేట్లు కొలిస్తే మందం తగ్గలేదు. స్ప్రింగుల పొడవూ సరిపోయింది. ఇక మిగిలింది ఆయిలే. ఆమె బండికి పోసిన డబ్బాని అరలోంచి తీసి చూశాను. అది కారు ఆయిల్. ప్లేట్లు మార్చిన రోజున, మరదలి బండి కదా అని, ఉన్నవాటిలోకెల్లా ఖరీదైన డబ్బా విప్పి పోశాను. కారులో క్లచ్‌కి ఆ ఆయిల్ తగలదు. ఈ బైకులో క్లచ్ అందులోనే మునిగి ఉంటుంది. అంత జారుడు ఆయిల్లో ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోలేవు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ నేను చెప్పే మొదటి పాఠం ఇదే.

ఆ ఆయిలంతా దింపేసి, బైకు ఆయిల్లో నానబెట్టిన కొత్త ప్లేట్లు వేసి, మరదల్ని వెంటబెట్టుకుని ల్యాబుకి వెళ్ళాను.

"మేడమ్, లోపం ఆమె చేతిలో లేదు. తప్పుడు ఆయిల్ పోసింది నేను."

"మొన్న ఇంకోలా చెప్పారుగా. ఇప్పుడు మీ ఏ మాట నమ్మాలి?"

"నా మాటే వద్దండీ. ఆమె వెనక కూర్చుని ఒక్కసారి కొండెక్కి రండి."

మేడమ్ బండెక్కి చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది. నేను కింద నిలబడి చెవులు రిక్కించాను. మలుపులో గేరు మారింది. ఇంజను ఒక్కసారి కూడా ఊరికే అరవలేదు. నిజం చెప్పాలంటే, అంత నున్నగా నేను కూడా మార్చను.

"రేపట్నుంచి కొండ దారి నీదేనమ్మా," అంది మేడమ్ తిరిగొచ్చి దిగుతూ. నా వైపు మాత్రం చూడలేదు.

నా గుండెల మీది బరువు దిగింది. ఇంటికి వెళ్ళే దారిలో అలవాటు కొద్దీ నోరు ఊరుకోక, "చూశావా, రిపేరంటే అదీ!" అన్నాను.

మరదలు నవ్వలేదు. "రోజూ చీకటితో లేచి ఖాళీ స్థలంలో క్లచ్ వదలడం నేర్చుకుంటున్నాను బావా," అంది. "నువ్వంతటివాడివి చెప్పావు కదా, నా చెయ్యే అనుకున్నాను."