జంట పడవకి పతకం లేదు

వుబ్బో టెర్ప్‌స్ట్రా రోయింగ్ పోటీల్లో ఎవరికి ఏ పతకం వస్తుందో ముందే రాసిపెట్టడం మొదలెట్టి ఇరవై రెండేళ్లయింది. గ్రోనింగెన్‌లో పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన రాసేదాన్ని ఎవరైనా జోస్యమంటే ఒప్పుకునేవాడు కాదు. "జోస్యం సంతలో గుడారం వేసుకున్నవాళ్లు చెప్తారు. నాది లెక్క" అనేవాడు. రెండు వేల మీటర్ల పందెంలో ప్రతి ఐదొందల మీటర్లకీ ఏ పడవకి ఎంత సమయం పట్టింది, నిమిషానికి ఎన్ని తెడ్లు వేశారు, గాలి ఎటునుంచి కొట్టింది అని చూసుకుని ఒక రోయింగ్ పత్రికకి జాబితా పంపేవాడు. పద్నాలుగు పందాల్లో పది దాకా ఆయన రాసినట్టే జరిగేవి. పక్కదేశాల కోచ్‌లు కూడా ఆ జాబితా చూసేవాళ్లు, చూసినట్టు ఒప్పుకునేవాళ్లు కాదు.

ఆ ఏడు ఆగస్టులో ప్రపంచ పోటీలు ఆమ్‌స్టర్‌డామ్ పక్కన, పడవ పందేల కోసం తవ్విన కాలవ బోస్‌బాన్‌లో జరిగాయి. వుబ్బో, ఆయన భార్య ఆఫ్కె కారు వెనక తగిలించి లాగే తమ పాత ఇంటిబండి, కారవాన్, తీసుకొచ్చి దగ్గర్లోని అడవిలో దిగారు. దేశమంతా ఆశ పెట్టుకున్నది ఆడవాళ్ల తేలికబరువు జంట పడవ మీద. అందులో ముందు కూర్చుని వేగం పెట్టే పిల్ల లోనెకె బ్యూర్మా, ఆమె వెనక యోరిండె హావర్‌కాటె. జులైలో లూసర్న్‌లో జరిగిన పోటీల్లో వాళ్లు వెండి గెలిచారు. లోనెకెకి పదమూడేళ్లప్పుడు మొదటిసారి చేతికి తెడ్డిచ్చింది వుబ్బోయే. పోటీలు మొదలవక ముందు పంపిన జాబితాలో ఆయన వాళ్లకి వెండే రాశాడు.

సోమవారం తొలి రౌండులో వాళ్లు రెండో స్థానంలో వచ్చి సెమీఫైనల్‌కి చేరారు. గట్టు మీద జనం చప్పట్లు కొట్టి ఇళ్లకి పోయారు. వుబ్బో మాత్రం కారవాన్‌లో కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఏదో తేడాగా ఉంది. ఆ ఏడాది ప్రతి పందెంలోనూ ఆఖరి ఐదొందల మీటర్లలో లోనెకె నిమిషానికి ముప్ఫైనాలుగు తెడ్ల నుంచి ముప్ఫైఎనిమిదికి పెంచేది. ఈసారి ముప్ఫైనాలుగు దగ్గరే ఉండిపోయింది. మొదలుపెట్టడం కూడా మెత్తగా ఉంది. పోనీ అలసిపోయిందా అంటే, మధ్యలో వెయ్యి మీటర్లూ ఎప్పటిలాగే దూసుకుపోయింది. శక్తి ఉంది, కానీ ఒక్కసారిగా గట్టిగా గుంజలేకపోతోంది. పందెం తర్వాత తీసిన ఫొటోలు వెతికాడు. పడవలోంచి లేచేటప్పుడు ఎడమ మోచెయ్యి ఒంటికి అదిమిపెట్టుకుని, బరువంతా కుడిచేతి మీద వేసింది. పక్కటెముక చిట్లినవాళ్లు అలా లేవడం ఆయన పడవ నడిపిన రోజుల్లో ఇద్దరిలో చూశాడు.

తొలి రౌండు చూసి సవరించిన జాబితా ఆ సాయంత్రం ఆరింటికల్లా పంపాలి. పది నిమిషాల ముందు వెండి కొట్టేసి, "పతకం లేదు. ఆరో స్థానం" అని రాశాడు. మార్పు చేసినప్పుడల్లా కింద కారణం రాయడం ఆయన అలవాటు. ఆ వరుస కింద మాత్రం ఏమీ రాయలేదు.

తెల్లారేసరికి పత్రిక సైటులో ఆ జాబితా కింద జనం దుమ్మెత్తిపోశారు. మాస్టారు కళ్లద్దాలు మార్చుకోవాలని ఒకడు, సొంతూరి పిల్ల మీద ఇంత కసేమిటని ఇంకొకడు. ఆఫ్కె అన్నీ పైకి చదివి ఫోను బల్ల మీద పెట్టింది.

"లెక్క నిజమే అనుకుందాం. రాసే ముందు ఆ పిల్లకి ఒక్క ఫోను చెయ్యాలని తోచలేదా నీకు?"

"అప్పటికే టైమైపోతోంది."

"ఇరవై రెండేళ్లలో ఒక్కసారి ఆలస్యమైతే పత్రిక మూసేస్తారా?"

వుబ్బో రాయడానికి రెండు గంటలు మథనపడ్డాడు గానీ ఆ ఫోను సంగతి నిజంగానే తట్టలేదు. ఆ మాట భార్యతో చెప్పడానికి కూడా సిగ్గేసింది.

మంగళవారం మధ్యాహ్నం లోనెకె సైకిలు మీద వచ్చింది. సైకిలు చెట్టుకి ఆనించకుండా గడ్డిలో పడేసి నేరుగా ఆయన కుర్చీ ముందు నిలబడింది.

"మా మీద పగేమిటి మాస్టారూ మీకు? కారణమైనా రాయలేదు. మా కోచ్ పొద్దున్నుంచి అదే అడుగుతున్నాడు, మీ ముసలాయనకి ఏం తెలుసు అని."

వుబ్బో కాగితాలు తియ్యలేదు. "ఒకసారి దగ్గు" అన్నాడు.

"ఏంటి?"

"దగ్గమ్మా. గట్టిగా."

లోనెకె నోరు తెరిచింది. ఊపిరి సగం పీల్చి ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. ఆఫ్కె గబగబా కుర్చీ జరిపితే అందులో మెల్లగా, ఒక పక్కకి ఒరిగి కూర్చుంది.

"పన్నెండు రోజులైంది" అంది. "చంక కింద. మొదట కండ పట్టేసిందనుకున్నా. మాత్రలు వేసుకుంటున్నా. ఇంకో నాలుగు రోజులు మాస్టారూ, అంతే! సెమీస్, ఫైనల్. ఆ తర్వాత విరిగితే విరగనీండి."

"డాక్టరుకి చూపించావా?"

"చూపిస్తే దింపేస్తారుగా!"

"యోరిండెకి తెలుసా?"

లోనెకె తల అడ్డంగా ఊపింది. "ఫైనల్ కోసం బలం దాచుకుంటున్నాననుకుంటోంది. నేనే అలా చెప్పాను."

వుబ్బో తన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "చూడమ్మా, నేనెవరికీ చెప్పను. ఆ పని నాది కాదు. కారణం అందుకే రాయలేదు. కానీ ఆ పిల్ల రోజూ నీ వీపు చూస్తూ తెడ్డు వేస్తోంది. నువ్వు తగ్గించినదంతా తను పూడుస్తోంది, ఎందుకో తెలీకుండా. నేను ఆరో స్థానం రాసింది కూడా తన బలం చూసే. ఆఖర్లో నీ ఎముక విరిగితే పడవ అక్కడే ఆగిపోతుంది. మొదటి ఏడు పడవలకే ఒలింపిక్స్‌లో చోటు. ఆ చోటు నీదీ కాదు, తనదీ కాదు, పడవది."

"మీకేం, చెప్పడం తేలికే. మీరు ఒడ్డున కూర్చుంటారు" అంది లోనెకె.

"ఔను. ఒడ్డునే కూర్చుంటాను" అన్నాడు వుబ్బో. "నిన్న నీకు ఫోను చెయ్యాల్సింది, చెయ్యలేదు. అది నా తప్పు."

ఆమె లేచింది. గడ్డిలోంచి సైకిలు ఎత్తబోయి ఆగిపోతే ఆఫ్కె వెళ్లి ఎత్తిపెట్టింది.

సాయంత్రం జరిగింది తర్వాత లోనెకెయే చెప్పింది. తను నొప్పి సంగతి చెప్పగానే యోరిండె చేతిలో ఉన్న నీళ్ల సీసా కాలవలోకి విసిరికొట్టి వెళ్లిపోయిందట. గంట తర్వాత తిరిగొచ్చి అడిగిందట: "ఏ పక్క?"

"ఎడమ."

"నొప్పి నీదే కావచ్చు, పడవ ఇద్దరిదీ. పన్నెండు రోజులు నన్ను పిచ్చిదాన్ని చేశావు. పద, డాక్టరు దగ్గరికి. ఇంకా తిట్టేది ఉంది, దార్లో తిడతాను."

స్కాన్‌లో ఎముక మీద సన్నటి గీత కనిపించింది. పడవెక్కకూడదని డాక్టరు కాగితం రాసిచ్చాడు. రిజర్వులో ఉన్న డ్యూకె అనే ఇరవై ఒక్కేళ్ల పిల్ల పడవెక్కింది. తను ఎక్కాల్సి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. తేలికబరువు పందేనికి ఒళ్లు కాస్త ఎక్కువుంటే బుధవారమంతా రెండు స్వెట్టర్లు తొడుక్కుని సైకిలు తొక్కి తగ్గించుకుంది. యోరిండెతో కలిసి ఒక్కపూట సాధన చేసింది, అంతే.

గురువారం సెమీస్‌లో మొదటి మూడు పడవలకే ఫైనల్‌కి దారి. వీళ్లు నాలుగో స్థానంలో వచ్చారు, అర సెకను కూడా తేడా లేదు. పతకం సంగతి అక్కడితో అయిపోయింది. ఇక మిగిలింది ఫైనల్‌కి చేరనివాళ్ల పందెం. ఆరు పడవలు దిగుతాయి, గెలిచిన ఒక్కటే ఏడో స్థానం, ఒలింపిక్స్ చోటు. మిగతా ఐదూ ఉత్తచేతులతో ఇంటికి.

ఆ పందేనికి కూడా రాయమని పత్రికవాళ్లు అడిగారు. వుబ్బో అంకెలు చూసి, ఇటలీ మొదలు, అమెరికా రెండు, మనవాళ్లు మూడు అని రాసి పంపాడు. ఈసారి పంపే ముందు లోనెకెకి ఫోను చేసి చెప్పాడు. "మూడా? సరే, ఇప్పుడైనా కారణం రాయండి" అంది. కలిసి ఒక్కపూటే సాధన చేశారని కింద రాశాడు.

శనివారం పొద్దున లోనెకె, వుబ్బో గట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. పక్కనించి గాలి కొడుతోంది. ఐదొందల మీటర్ల దగ్గర యోరిండెవాళ్లు ఐదోవాళ్లు. వెయ్యి దగ్గర నాలుగు. పదిహేనొందల దగ్గర మూడు, ఇటలీ కంటే ఒక పడవ పొడుగు వెనక. వుబ్బో మనసులో లెక్క వేసుకున్నాడు. చాలదు. అప్పుడు డ్యూకె వేగం పెంచింది. ముప్ఫైఆరు, ముప్ఫైఎనిమిది, నలభై. ఏ కాగితంలోనూ లేని అంకె అది. యోరిండె వెనకనుంచి ఏదో అరుస్తోంది.

లోనెకె అరవలేదు, ఎముక అరవనివ్వదు. వుబ్బో చొక్కా చెయ్యి పట్టుకుని గుంజుతోంది. "మీరు అరవండి మాస్టారూ, మీరు అరవండి!"

వుబ్బో పోటీల్లో గొంతెత్తి ఎరగడు. జాబితా రాసేవాడు ఒక పక్షాన ఉండకూడదని ఆయన నియమం. ఇప్పుడు లేచి నిలబడి, అద్దాలు జారిపోతున్నా చూసుకోకుండా, బడిలో ఆఖరి బెంచీవాడికి వినబడేలా అరిచినట్టు అరిచాడు. పడవలు మూడూ ఒకేసారి గీత దాటినట్టే కనిపించాయి. బోర్డు మీద పేర్లు పడేదాకా ఎవరికీ తెలీలేదు. సెకనులో ఎనిమిదో వంతు తేడాతో మనవాళ్లు మొదలు.

యోరిండె ఒడ్డుకొచ్చి ముందు డ్యూకెని, తర్వాత లోనెకెని కుడిపక్కనించి జాగ్రత్తగా కావలించుకుంది. "చోటు వచ్చింది. అందులో ఎవరు కూర్చోవాలో వసంతంలో మీరిద్దరూ తేల్చుకోండి" అంది. డ్యూకె ఎటు చూడాలో తెలీక తెడ్లు తుడవడం మొదలెట్టింది.

ఆ వారం చివర వుబ్బో పత్రికకి రాశాడు: "పద్నాలుగింట తొమ్మిది సరిపోయాయి. జంట పడవ విషయంలో రెండుసార్లూ తప్పాను."

ఎముక రెండు నెలల్లో అతుక్కుంది. లోనెకె చలికాలమంతా సాధన చేసింది. ఏప్రిల్‌లో ఎంపిక పందెం పెడితే డ్యూకె గెలిచింది, ఒక సెకను పైచిలుకు తేడాతో. లోనెకె ఆ సాయంత్రమే ఫోను చేసింది.

"పోయింది మాస్టారూ."

"విన్నాను. ఏడ్చావా?"

"మధ్యాహ్నం దాకా. ఒలింపిక్స్‌కి రిజర్వుగా వెళ్తున్నా. డ్యూకెకి చెప్పాను, ఎక్కడైనా నొప్పి పుడితే మొదటిరోజే నోరు విప్పమని. లేకపోతే నేనే దగ్గించి చూస్తానన్నా."

"ఏమంది?"

"నవ్వింది. వెంటనే దగ్గి చూపించింది కూడా. ఉంటాను మాస్టారూ, యోరిండె పిలుస్తోంది. పడవ మొయ్యాలి."