చేతికిచ్చిన ఉప్పు

కువైట్‌లో, ఫర్వానియాలోని ఆ మూడంతస్తుల బిల్డింగులో పొద్దున నాలుగింటికే పొయ్యిలు వెలిగేవి. అయిదున్నరకు కంపెనీ బస్సు వచ్చి హారన్ కొట్టేలోగా ఇరవైమంది ఒకే వంటగదిలో అన్నం, పప్పు చేసుకుని క్యారియర్లు కట్టుకోవాలి. ఒకరి నూనె ఇంకొకరి పోపులో పడేది, ఆ తిట్లు మెట్ల దాకా వినిపించేవి. ఇంత రచ్చలోనూ ఒక్క పద్ధతి ఎవరూ తప్పేవాళ్లు కాదు. ఉప్పు అడిగితే డబ్బా గట్టు మీద పెట్టేవాళ్లు, అడిగినవాళ్లు అక్కణ్నుంచి తీసుకునేవాళ్లు. చేతికి మాత్రం ఇవ్వరు.

మన ఊళ్లలో ఉప్పు చేతికిస్తే పోట్లాట వస్తుందంటారు. ఆ బిల్డింగులో ఇచ్చినవాళ్ల రోగం తీసుకున్నవాళ్లకు పోయేది. ఇది అక్కడ ఎవరికీ వింత కాదు, కుళాయిలో నీళ్లు రాకపోవడం ఎంత మామూలో ఇదీ అంతే. డ్రైవరు మస్తాన్ వలికి లీవు కావాలంటే పక్కగది పెద్దాయన నడుం నొప్పిని చిటికెడు ఉప్పుతో చేబదులు తీసుకుని, డాక్టరు ముందు మూలిగి, సాయంత్రానికి మళ్లీ చిటికెడు ఉప్పుతో తిరిగిచ్చేసేవాడు. ఆ ఒక్క పూటా పెద్దాయన ఊరికే మెట్లెక్కి దిగి మురిసిపోయేవాడు.

రమణికి అరువు తెచ్చుకునేటంత రోగంతో పని పడలేదు. ఆమెకున్నది భయం. రాయచోటి పక్క పల్లెలో ఇద్దరు పిల్లల్ని అక్క దగ్గర వదిలి వచ్చిందామె. రెండో బిడ్డను కడుపు కోసి తీశారు. మూడోది పడితే మనిషి దక్కదని కడప డాక్టరమ్మ కాయితం మీద రాసిచ్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యమంటే, ఒంట్లో నెత్తురు లేదు, పట్టినాక రమ్మంది. నెత్తురు పట్టేలోగా వీసా వచ్చింది.

భర్త బాలసుబ్బయ్యదీ అదే కంపెనీ, అదే గది, మధ్యలో ఒక పరదా. "జాగర్తగా ఉంటాలేమే" అనేవాడు. రెండో బిడ్డకు ముందు కూడా ఆ మాటే అన్నాడు.

ఇక మిగిలింది మాత్రలు. చీటీ లేందే మందుల షాపులో ఇవ్వరు. మెడికల్ కార్డు ఒప్పుకోనిది కంపెనీ డాక్టరు రాయడు. కార్డు ఏది ఒప్పుకుంటుందో చెప్పే మనిషి ఆఫీసులో నాగేంద్రప్రసాద్. కడప టౌనువాడే, కాపురం సాల్మియాలో, మెడలో టై.

"ఇది రోగాల కార్డమ్మా" అన్నాడు మొదటిసారి. "కడుపు రావడం రోగం కాదు. రాకుండా చూసుకోవడం అసలే కాదు."

"వస్తే చచ్చిపోతానని రాసిచ్చినారు సార్."

"చచ్చిపోతే ఉంది." కార్డు తిప్పి, వేలు పెట్టి చూపించాడు. "ఇదో, ఇక్కడ. శవాన్ని ఊరికి పంపే ఖర్చంతా కార్డుదే. విమానం, పెట్టె, అన్నీ." వెక్కిరింపు కాదు, సాయం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

రెండోసారి మొగుడి సంతకం తెమ్మన్నాడు. మూడోసారి మొగుడి పాస్‌పోర్టు చూపించమన్నాడు. పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ బీరువాలో ఉంటుందని ఆయనకు తెలియదా? దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని ఊరికే అన్నారా? నాలుగోసారి రమణి కాళ్లు పట్టుకోబోతే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"అవే మాత్రలు నెత్తురు ఎక్కువ పోయే రోగానికీ రాస్తారు. ఆ రోగముంటే కార్డు ఒప్పుకుంటుంది. నీకు లేకపాయె. నన్నేం చెయ్యమంటావు?"

ఆ రోగం ఖాతూన్ బీకి ఉంది. రుమైథియాలో ఒక పెద్దింట్లో పనిమనిషి ఆమె. కడప మనిషే. శుక్రవారం సెలవు దొరికితే ఫర్వానియాకు వచ్చి రమణి చేతి రాగిసంగటి తినిపోయేది. ఆర్నెల్లుగా ఆమెకు నెత్తురు ఆగడం లేదు. ఆ నెత్తురే ఆమెకు ఊరి టికెట్ కూడా. ఆరేళ్లుగా పంపని ఇంటి యజమానురాలు, పనివాళ్ల మాటలో మామా, రోగం చూసి మెత్తబడి, ఆగస్టు మొదటి శనివారం డాక్టరుకు చూపించి కాయితం రాగానే పంపేస్తానని మాటిచ్చింది.

జులై చివరి శుక్రవారం రమణి నోరు విడిచి అడిగింది.

"తీసుకో" అంది ఖాతూన్ బీ. "ఆర్నెల్లు నేను మోసినా, వారం నువ్వు మొయ్. మళ్లా శుక్రవారానికి ఇచ్చెయ్యాల రమణీ. శనివారం నాకు అది లేకుంటే మామా నన్ను పంపదు."

"నా పిల్లోళ్ల మీద ఒట్టు బీ."

ఖాతూన్ బీ డబ్బాలోంచి చిటికెడు ఉప్పు తీసి రమణి అరచేతిలో పెట్టింది. పెట్టి, నడుం నిటారుగా చేసుకుని, ఎన్నాళ్లకో ఒక నవ్వు నవ్వింది. రమణి గట్టు పట్టుకుని కూలబడింది.

డాక్టరు చూశాడు, రాశాడు. బుధవారం నాగేంద్రప్రసాద్ ముద్ర కొట్టాడు. "చూసినావా, రోగముంటే ఎంత సులువో! మాత్రలకు శనివారం రా."

గురువారం తెల్లారేసరికి ఇరాక్ ట్యాంకులు ఊళ్లో ఉన్నాయి.

శుక్రవారం బస్సుల్లేవు, ఖాతూన్ బీ రాలేదు. రమణి ఉప్పు డబ్బా ఒళ్లో పెట్టుకుని పొద్దుగూకేదాకా మెట్ల మీద కూర్చుంది. శనివారం గోడలు పట్టుకుని క్లినిక్కుకు నడిచింది. తలుపులు విరిగి ఉన్నాయి, సైనికులు బరువు తూచే మిషను కూడా వదలకుండా ఎత్తుకుపోయారు. ముద్ర ఉన్న చీటీ ఆమె చేతిలోనే ఉండిపోయింది.

పది రోజులకు మస్తాన్ వలి రుమైథియా దాకా పోయి వచ్చాడు.

"మామా వాళ్లు ఆ శుక్రవారమే కార్లో సౌదీకి ఎల్లిపోయినారంట. కార్లో ఒక మనిషికి చోటుండిందంట. రోగిష్టిదైతే ఈడ చచ్చిపోతాదని ఎక్కించుకునేవాళ్లంట. నువ్వు ఇప్పుడు గట్టిగుండావు, ఇల్లు చూస్కో అని వదిలిపెట్టి పోయినారని పక్కింటి డ్రైవర్ చెప్పినాడు. ఆ మర్నాడే సైన్యం ఆ ఇంట్లోకి దిగిందంట." మెట్టు మీద కూర్చున్నాడు. "వాకిలి పగిలిపోయి ఉంది. ఒక చెప్పు గేటు కాడ ఉంది. మనిషి లేదు."

రమణి ఆ రోజు ఏడ్చిన ఏడుపు బిల్డింగంతా విన్నది. తాను రోగం అడగకపోతే ఖాతూన్ బీ ఆ కార్లో ఉండేది. ఈ లెక్క ఎటు తిప్పినా మారదని రమణికి తెలుసు.

ఇచ్చిన మనిషి లేకపోతే రోగం తీసుకున్నవాళ్లకే మిగిలిపోతుంది. ఇంకెవరైనా చెయ్యి చాపితే తప్ప పోదు. తెలిసి తెలిసి ఎవరు చాపుతారు? బాలసుబ్బయ్య ఉప్పు డబ్బా ఉన్న మూలకే పోవడం మానేశాడు. ముట్టు మనిషని పరదా ఇవతలికి కూడా రాలేదు. కార్డు ఇయ్యని కాపలా ఆ రోగమే కాసింది. కాకపోతే ఆ కాపలాకు జీతంగా రోజూ నెత్తురు పోస్తోంది.

సెప్టెంబరులో బస్సులు దొరికాయి. బస్రా, బాగ్దాదు దాటి, జోర్డాన్ సరిహద్దులో ఇసుక మీద వేసిన డేరాల్లో పడ్డారు. ఎటు చూసినా మనవాళ్లే. విమానాలు రోజూ పోతున్నాయి గానీ మనుషులు తరగడం లేదు. రమణికి నలభై ఏడో రోజు అది. పెదాలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. మస్తాన్ వలి ఆమెను మోసుకుని, విమానానికి పేర్లు రాసే బల్ల దగ్గరికి తెచ్చాడు.

బల్ల వెనక నాగేంద్రప్రసాద్ ఉన్నాడు. టై లేదు, గడ్డం పెరిగింది, రిజిస్టరు మాత్రం ఉంది. పేర్లు రాయడానికి చదువుకున్నవాళ్లు కావాలంటే తానే ముందుకొచ్చాడట.

"రోగులను ముందు పంపుతారంట కదా సార్" అన్నాడు మస్తాన్ వలి.

"కాయితం ఉండాల."

రమణి కొంగు ముడి విప్పి చీటీ ఇచ్చింది. అతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది కువైట్ కాయితం. ఈడ చెల్లదు."

"మీరు కొట్టిన ముద్రే సార్."

"అందుకే చెప్తాండా, నాకు తెలీదా? డేరా డాక్టరు దగ్గర కొత్తది రాయించుకోండి. ఆయన మళ్లా సోమవారం వస్తాడు."

అది మంగళవారం. సోమవారం దాకా తాను ఉండనని రమణికి తెలుసు. డేరా నీడలో పడుకుని పిల్లల పేర్లు మనసులో అనుకుంటూ ఉంది. మధ్యాహ్నం రొట్టె, ఉడికించిన కోడిగుడ్లు పంచారు. నాగేంద్రప్రసాద్ రిజిస్టరు చంకలో పెట్టుకుని, ఒక చేతిలో రెండు గుడ్లతో అటే వచ్చాడు. ఆమె తలగడ దగ్గర ఉప్పు పొట్లం చూసి ఆగాడు.

"రోంత ఉప్పు ఉందా అమ్మా?" అని ఖాళీ చెయ్యి చాపాడు.

ఆఫీసు మనిషి, సాల్మియా కాపురం. ఫర్వానియా వంటగదిలో అడుగుపెట్టి ఎరగడు. రమణి పక్కనే సత్తు పళ్లెం ఉంది. అందులో వేసి జరపవచ్చు. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి పళ్లెం మీదికి పోయింది కూడా. మస్తాన్ వలి ఆమె మొహం చూసి, తల పక్కకు తిప్పుకున్నాడు.

రమణి లేచి కూర్చుంది. చిటికెడు ఉప్పు తీసి అతని అరచేతి నడుమ పెట్టి, వేళ్లు తానే మూసింది.

"సల్లగుండు తల్లీ" అన్నాడు నాగేంద్రప్రసాద్.

సాయంత్రానికి రమణి తనంతట తాను నీళ్ల ట్యాంకరు దాకా నడిచింది. రాత్రికి నాగేంద్రప్రసాద్ ప్యాంటు తడిసిపోయింది. రెండోనాడు రిజిస్టరు ఇంకెవరో తీసుకున్నారు. రోగుల వరసలో తన పేరు రాయమని అతను బతిమాలితే, కాయితం చూపించమన్నారు. సోమవారం డాక్టరు వచ్చి చూసి, ఇది ఆడవాళ్ల రోగం, మగవాడికి రాదు, రానిదానికి ఏం రాసివ్వాలన్నాడు. బుధవారం అతన్ని డేరాల వెనక ఇసుకలో పాతిపెట్టారు. జేబులో మెడికల్ కార్డు దొరికింది. శవం ఖర్చు కార్డుదేనని వెనక రాసే ఉంది గానీ, ఆ కంపెనీ అప్పటికే లేదు.

అది జరిగేలోగా రమణి తన వంతులో విమానమెక్కింది. బాలసుబ్బయ్య పక్క సీటులో కూర్చుని, ఒళ్లు బాగైంది కదా అని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. రమణి ఆ చెయ్యి తీసి అతని ఒళ్లో పెట్టింది. ఊరు చేరాక అక్క ఇంట్లోనే ఉండి మేక కలేజా, ఆకుకూర తిని, ఫిబ్రవరిలో కడప పెద్దాసుపత్రికి వచ్చింది. ఈసారి నెత్తురు చాలినంత ఉంది.

ఆపరేషన్‌కు ముందు నర్సు పేరూ ఊరూ రాసుకుంటూ అడిగింది.

"ఇంతకుముందు రోగాలేమన్నా ఉండాయా?"

"ఒకటుండె. నాది కాదు, అరువు తెచ్చుకున్నది. ఇచ్చినామెకు తిరిగివ్వలేకపోయినా." ఖాతూన్ బీ నవ్వు గుర్తొచ్చింది రమణికి. కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఒకాయన చెయ్యి చాపితే, ఆయన చేతిలో పెట్టేసినా."

నర్సు తలూపి, ఆ గడిలో 'లేవు' అని రాసుకుంది.