ఒక ఉద్ధరిణెడు నీళ్ళు

నేను ఒక ఉద్ధరిణిని. సంధ్య వార్చేవారి పంచపాత్రలో ఉండే చిన్న ఇత్తడి చెంచాను. నా కాడ చివర పడగ విప్పిన పాము ఉంటుంది. ఏళ్ళ తరబడి ఒక సందేహం నన్ను పట్టుకుని ఉంది: మడి లోహంలో ఉంటుందా, పట్టుకున్న చేతిలో ఉంటుందా?

నేను అజ్జరంలో పుట్టాను. అక్కడి కంచరి నోట్లో బీడీతోనే నా పడగకు నునుపు తెచ్చాడు. అప్పుడు నా మడి సంగతి ఎవరూ అడగలేదు. కామేశ్వరి పెళ్ళిలో ఆమె తల్లి నన్ను అల్లుడికిచ్చింది. ఇచ్చేముందు నా వెనక చుక్కల అక్షరాలతో 'వేమూరి సోమసుందరం, దుగ్గిరాల' అని కొట్టించింది.

సోమసుందరం పసుపు యార్డులో సరుకు చూసే మనిషి. కొమ్ము విరిచి వాసన చూస్తే అది ఏ చేలోదో చెప్పేవాడు. భోజనానికి కూర్చున్నాక నాతో అరచేతిలో నీళ్ళు పోసుకుని, విస్తరి చుట్టూ తిప్పి, ఔపోశనం పట్టేవాడు. తినడం అయ్యాక మరో ఉద్ధరిణెడు నీళ్ళతో ఉత్తరాపోశనం పట్టేవాడు. ఆ రెంటి మధ్య లేవకూడదు. లేస్తే ఆ భోజనానికి ముగింపు లేనట్టే. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఒక్కపూట కూడా తప్పలేదు.

ఒకసారి పసుపు వ్యాపారి నాగేంద్రం ఆయనను కౌలాలంపూర్ తీసుకెళ్ళాడు. పంచపాత్ర బరువని ఇంట్లో వదిలి, నన్ను మాత్రం చొక్కా జేబులో వేసుకున్నాడు. బేరం కుదిరిన సాయంత్రం, కొనుగోలుదారులు పెద్ద థాయ్ రెస్టారెంటులో విందు పెట్టారు.

"నాకు గదిలో పెరుగన్నం చాలండీ," అన్నాడు సోమసుందరం.

"బాగుంది. సరుకు మీరు చూశారనేగా వాళ్ళు కొంటోంది. మీరు రాకపోతే ఏమనుకుంటారు పంతులుగారూ?"

ఇరవై ఎనిమిదో అంతస్తు. వడ్డించేవాళ్ళు చేతులు జోడించి వంగారు. బల్ల మీద కంచు చెంచాలు మెరుస్తున్నాయి. ఆయన అటూ ఇటూ మనుషుల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. మాంసం, చేపలు వద్దని మూడుసార్లు చెప్పించాడు. పువ్వులా చెక్కిన క్యారెట్టు ముక్కను చూసి, నైవేద్యమేమో అనుకుని ముట్టుకోలేదు. నాతో ఔపోశనం పట్టి నన్ను పళ్ళెం పక్కన పెట్టాడు. కొబ్బరిపాల పులుసూ అన్నమూ తిన్నాడు. బాగుందని మొహం చెప్పింది. ఎందులో ఏముందోనని కళ్ళు భయపడ్డాయి.

ఇంతలో వడ్డించే ఒకామె ఖాళీ గిన్నెలతో పాటు నన్నూ ట్రేలోకి తోసి తీసుకుపోయింది.

ఆయన నా కోసం తడుముకున్నాడు. బల్ల కిందికి చూశాడు. ఆ తరువాత లేచాడు. పక్కన ఎంగిలి చెంచాలు పోసిన బల్ల దాకా వచ్చి వంగి చూశాడు. పది చెంచాల కింద ఉన్నాను. పిలవడానికి నాకు నోరు లేదు.

"లేచాను కదండీ," అన్నాడు, ఉన్నట్టుండి నిలబడిపోయి.

"లేస్తే ఏమైంది? కారొచ్చింది, అందరం లేస్తున్నాంగా," అన్నాడు నాగేంద్రం.

ఆయన గ్లాసులో నీళ్ళున్నాయి, అరచెయ్యి ఉంది. ఉత్తరాపోశనానికి అవి చాలు. అయినా పట్టకుండానే కారెక్కాడు. మనుషులకు దేవుడి కన్నా దేవుడి చెంచా మీద మమకారం ఎక్కువ.

నా పడగను చూసి ఆ హోటలువాళ్ళు నేను తమదాన్నేనని అనుకున్నారు. వాళ్ళ గుళ్ళ మీదా నాగులుంటాయట. చేపలు ఊరబెట్టి తీసిన, మిరపకాయలు తేలే చేపనీళ్ళ గిన్నెకు నేను సరిగ్గా సరిపోయాను. పగలు ఆ గిన్నె, మిగతా వేళ చీకటి సొరుగు. సొరుగు తెరిచినప్పుడల్లా పసుపు వాసన వస్తుందేమోనని చూసేదాన్ని. ఒక ఉదయం యజమానురాలు నాతోనే గదిమూల చిన్న మందిరం ముందు నీళ్ళు వదిలింది. ఆ దేవుడెవరో నాకు తెలియదు. నీళ్ళు మాత్రం తెలిసినవే.

అలా ఏడేళ్ళు. ఒకనాడు భర్తతో భోజనానికొచ్చిన ఒకామె నన్ను తిప్పి చూసి ఆగిపోయింది. ఆమె పైడితల్లి, రబ్బరు తోటల కాలంలో విశాఖ వైపు నుంచి మలయా వెళ్ళినవాళ్ళ మనవరాలు, బడిపంతులమ్మ.

"చూడండి, మన అచ్చరాలు," అంది భర్తతో. వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. యజమానురాలిని అడిగి నన్ను తీసుకుంది. ఉత్తరం రాసి దుగ్గిరాలకు పంపింది. చేపనీళ్ళలో వాడారని, ఏమీ అనుకోవద్దని దాచకుండా రాసింది.

కామేశ్వరి నన్ను చింతపండుతో మూడుసార్లు తోమింది.

"వాసన రావడం లేదు. కానీ పూజకు పనికొస్తుందంటారా?"

"ఆ రోజు నేను తిన్నదాంట్లో ఏముందో నాకు మాత్రం తెలుసా?" అన్నాడు సోమసుందరం. జుట్టు బాగా నెరిసింది. "అది ఏడేళ్ళు అక్కడే ఉండిపోయింది, నేనూ అంతే. పెద్దలను రేపు అడుగుదాంలే. దీని చేత తీర్చాల్సిన బాకీ ఒకటుంది."

భోజనమయ్యాక నాతో ఉత్తరాపోశనం పట్టాడు. కామేశ్వరి విస్తరి తీయబోయింది.

"ఉండు," అని నన్ను మళ్ళీ నింపి అరచేతిలోకి వంచుకున్నాడు. "ఇది ఆనాటిది."

ఆ నీళ్ళు మింగాడు. ఏడేళ్ళ కిందటి భోజనం మీంచి ఆయన అప్పుడు లేచాడు.