పిడుగు డబ్బాకు నీళ్ళు

మా ఇంట్లో ఉన్నది తీగ ఫోను. చిట్కుల్‌లో మా ఇంటి గోడ మీద ఆ నంబరు ఎర్రరంగుతో రాసి ఉంది. దాని కింద జొన్నరొట్టెలు అని ఉంది. ఫ్యాక్టరీ క్యాంటీన్ల వాళ్ళు, కిరాయి గదుల్లో ఉండే కార్మికులు ఆ నంబరుకే ఫోన్ చేస్తారు. నా భార్య ముత్యమ్మ రొట్టెలు చేస్తుంది. నేను సైకిల్ మీద ఇచ్చి వస్తాను. నేను మాట్లాడేది తక్కువ. ఆ పని కూడా ఆమెదే.

పోయిన వానాకాలం స్తంభం మీద పిడుగు పడింది. అది తీగ వెంట వచ్చి ఫోనును కాల్చేసింది. కొత్త ఫోను తెచ్చినప్పటి నుంచి మబ్బు ఉరిమితే చాలు, "ఏమయ్యా, వైరు పీకు!" అని ముత్యమ్మ కేకేసేది. ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి పీకేవాణ్ణి. ఉరుములు ఆగాక మళ్ళీ పెట్టేవాణ్ణి.

ఈ ఏడు పక్క గల్లీలోకి నరసరాజు వచ్చాడు. భీమవరం వైపు మనిషి. పెద్ద ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య లేదు. ఒకరోజు రొట్టెల కోసం వచ్చి, నేను వైరు పీకుతుంటే చూశాడు.

"ఎందుకు బావగారూ ఈ తిప్పలు? ఒక సర్జ్ డబ్బా పెడితే సరిపోద్ది కదండీ" అన్నాడు.

ముత్యమ్మను చెల్లెమ్మ అంటాడు కాబట్టి నేను బావనట.

మర్నాడే పటాన్‌చెరు నుంచి డబ్బా తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంది. తీగ ఇంట్లోకి వచ్చే చోట బిగించాడు. దాని నుంచి పచ్చ వైరు పెరట్లోకి లాగాడు. గుంత తవ్వి, రాడ్డు దింపి, బొగ్గూ ఉప్పూ పోసి పూడ్చాడు.

"పిడుగు పవరు తీగలో వస్తే, ఈ డబ్బా దాన్ని భూమిలోకి తోసేస్తుంది చెల్లెమ్మా. గుంత మాత్రం ఎండకూడదు. రోజూ ఒక బకెట్ నీళ్ళు పోయాలి. ఉరుములప్పుడు ఫోన్ చెవికి పెట్టకు, డబ్బా ఉన్నా సరే."

"విన్నవా? నీళ్ళు పొయ్యాల్నంట" అంది ముత్యమ్మ నాతో.

"ఎవరు పెట్టిండ్రో ఆళ్ళనే పోసుకోమను" అన్నాను.

ఆ ఒక్కమాటే నా కొంప ముంచింది.

రాజు రోజూ పొద్దున్నే రాసాగాడు. బకెట్ నీళ్ళు పోయడానికి ఎంతసేపు పడుతుంది? పోసి, పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చునేవాడు. పెనం మీది మొదటి రొట్టె ఇన్నేళ్ళూ నాది. ఇప్పుడది ఆయన పళ్ళెంలో పడింది.

"ఇంత మెత్తగా ఎలా వస్తాయి చెల్లెమ్మా? నేను చేసుకుంటే ఇంటికి పెంకులుగా కప్పుకోవచ్చు."

ముత్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఉడుకు నీళ్ళల్ల పిండి కల్పాలె అన్నా. ఆగు, ఇంకోటి ఏస్త."

ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో. నేను వాకిట్లో సైకిల్‌కు గాలి కొడుతున్నాను. కొడుతూనే ఉన్నాను. ట్యూబు ఢామ్మని పగిలింది.

"ఏందయ్యా గది? పిడుగు పడ్డదనుకున్న!" అంది ముత్యమ్మ.

"బావగారికి కూడా ఒక డబ్బా బిగించాలమ్మా" అన్నాడు రాజు.

ఇద్దరూ పడి పడి నవ్వారు.

తర్వాత ఒక సాయంత్రం మబ్బు పట్టి ఉరిమింది. నా కాళ్ళు వాటంతటవే ఫోను దగ్గరికి వెళ్ళాయి.

"డబ్బ ఉంది గదా, నీకెందుకు పరేషాన్? కూసో" అంది ముత్యమ్మ.

కూర్చున్నాను. దగ్గర్లోనే పిడుగు పడింది. బల్బు ఒక్కసారి వెలిగి ఆరింది. వాన వెలిశాక ఆమె ఫోనెత్తి చూసింది. గుయ్యిమని చప్పుడొస్తోంది.

"రాజన్న డబ్బ బతికిచ్చింది" అంది.

కాలిపోతే బాగుండేదనిపించింది నాకు. మాకు కూడు పెట్టే ఫోను అది. అయినా అనిపించింది.

నీళ్ళే కదా అతనికి దారి? మర్నాడు ముందే లేచి గుంత నిండా నీళ్ళు పోశాను. రాజు వచ్చి తడి చూశాడు.

"పోసేశారే బావగారూ!" అంటూ కాసేపు నిలబడ్డాడు. నేను కూర్చోమనలేదు. ముత్యమ్మ స్నానానికి వెళ్ళి ఉంది. వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రాలేదు.

మొదటి రొట్టె మళ్ళీ నా పళ్ళెంలోకి వచ్చింది. మాట మాత్రం రాలేదు. పొయ్యి ముందు ఆమె మూగదానిలా కూర్చునేది. ఒకరోజు నేను తింటుండగా నాలుగు రొట్టెలు గుడ్డలో చుట్టింది. తల దువ్వుకుంది. పండక్కి కట్టే చీర కట్టింది.

"యాడికి?" అన్నాను.

"రాజన్నకు ఇచ్చొస్త. ఒక్కడే ఉంటడు, ఏం తింటుండో ఏమో. జెరసేపు కూసోని వస్త."

"నేనిచ్చొస్త."

"నువ్వు పోయి ఏం మాట్లాడ్తవ్? గడపల పడేసి వస్తవ్."

వెళ్ళింది. నవ్వు వినబడుతుందేమోనని అతని గల్లీ వైపున్న పెరటి గోడ దగ్గర నిలబడ్డాను. ఏమీ వినబడలేదు. అది ఇంకా కాల్చింది. రొట్టెలు ఇచ్చి రావడానికి అంతసేపా?

ఆ మర్నాటి నుంచి నీళ్ళు పోయడం మానేశాను. గుంత మీద మట్టి నెర్రెలు విచ్చాక, గల్లీలో రాజు ఎదురైతే సైకిల్ దిగాను.

"గుంత ఎండింది" అన్నాను.

"అయ్యో! మీరు పోయట్లేదా బావగారూ?"

"నాతోని కాదు. నువ్వే రావాలె."

రాజు నా మొహం వైపు చూసి నవ్వాపుకున్నాడు. "రొట్టెల టైముకే రమ్మంటారా?"

"రా."

వస్తున్నాడు. ఇప్పుడు పీట నేనే వేస్తున్నాను. పొయ్యికి కొంచెం ఎడంగా, వాకిట్లో నేనెక్కడ కూర్చున్నా ఇద్దరూ నాకు కనబడేట్టు.